పెంటకుప్పలు నిలబెట్టిన పేరు

వీధిలో మురుగుకాలువ పొంగితే మనకి ముందుగా గుర్తొచ్చేది మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరే. ఆ ఉద్యోగం మూలాలు తెలియాలంటే విక్టోరియా రాణి కాలం నాటి లివర్‌పూల్‌కి వెళ్లాలి.

ఇంగ్లండులో అప్పట్లో అదో పెద్ద రేవు పట్టణం. ఓడల నిండా సరుకు, సందుల నిండా మురికి. వేలాది కూలీ కుటుంబాలు గాలీ వెలుతురూ లేని నేలమాళిగల్లో కాపురాలుండేవి. 1842లో ఎడ్విన్ చాడ్విక్ ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడి కూలీల కుటుంబాల్లో చనిపోయినవారి సగటు వయసెంతో తెలుసా? పదిహేనేళ్లు! పసిపిల్లలు అంతగా రాలిపోయేవారు మరి.

ఆ ఊళ్లో 1844లో థామస్ ఫ్రెష్ అనే ఆయన్ని 'ఇన్‌స్పెక్టర్ ఆఫ్ న్యూసెన్సెస్'గా నియమించారు. పేరేమో ఫ్రెష్... పనంతా కంపులో! నిండిపోయిన మరుగుదొడ్డి గుంటలు, పెరట్లో పందులు, కుళ్లిన మాంసం... ఇలాంటివన్నీ వెతికి పట్టుకోవడమే ఆ ఉద్యోగం. ముందు యజమానికి నోటీసు. వినకపోతే కోర్టు, జరిమానా.

1847లో అసలు పరీక్ష ఎదురైంది. ఐర్లండులో కరవు తట్టుకోలేక దాదాపు 3 లక్షల మంది లివర్‌పూల్ రేవులో దిగారు. టైఫస్ జ్వరం ఊరిని చుట్టేసింది. ఆ ఏడాదే వైద్యాధికారిగా వచ్చిన డాక్టర్ డంకన్, ఫ్రెష్ కలిసి నేలమాళిగలు ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. చట్టప్రకారం అది సరైనదే. కానీ వీధిన పడ్డవాళ్లు ఎక్కడికెళ్లాలి? మరో ఇరుకు గదిలోకే! నోటీసివ్వడం వరకే ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంది, ఇల్లివ్వడం లేదు.

ఇంకో వింత. దుర్వాసన నుంచే జబ్బులు పుడతాయని ఆనాటి అధికారుల్లో ఎక్కువమంది నమ్మకం. అది తప్పు. అయినా కంపు పోవాలని మురికి ఎత్తించారు, మురికితోపాటు రోగకారణాలూ కొంత పోయాయి. 1875 ప్రజారోగ్య చట్టంతో ఇంగ్లండు పట్టణాల్లో ఈ ఇన్‌స్పెక్టర్‌ని పెట్టడం తప్పనిసరైంది.

ఫ్రెష్ ఊరి పెంటని ఊరికే పారబోయించలేదు. రైల్లో ఉత్తరాన ఉన్న తీరప్రాంతపు ఇసుక నేలలకు ఎరువుగా పంపించారు. ఆ చోటికి ఆయన పేరుమీదే 'ఫ్రెష్‌ఫీల్డ్' అన్న పేరొచ్చింది. అక్కడి రైల్వేస్టేషన్‌కీ అదే పేరు.

ఊరు శుభ్రం చేసినవాడి పేరు ఊరికి పెట్టుకోవడం ఎంత అరుదు! రేపు మన వీధిలోకి చీపురుతో వచ్చేవారిని కనీసం పేరుపెట్టి పలకరిద్దాం.