తెలుగు అంటే ఎవరి రక్తం?

జన్యుశాస్త్ర విద్యార్థులందరూ వాడే బహిరంగ డేటాలో మన భాష పేరుతో ఒక సమూహం ఉంది. 2015లో ముగిసిన వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టు 26 సమూహాలకు చెందిన 2,504 మంది జీనోమ్‌లను లోకానికి ఇచ్చింది. అందులో 'ఐటీయూ' అంటే బ్రిటన్‌లో ఉంటున్న భారతీయ తెలుగువారు. 102 మంది. ఏ దేశపు పరిశోధకుడికైనా 'తెలుగు' నమూనా కావాలంటే ముందుగా చేతికందేది వీళ్లే.

నేను పెరిగింది జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో. మా తాత శ్రీకాకుళం నుంచి ఉక్కు పనికి వచ్చాడు. మా బస్తీ తెలుగూ, బ్రిటన్ వీసా దొరికిన తెలుగూ భాషలో ఒకటే. పెళ్లిళ్లలో కాదు. జన్యువులు భాషను బట్టి నడవవు, పెళ్లిని బట్టి నడుస్తాయి.

కులానికి ప్రాణం అంతర్వివాహమేనని బాబాసాహెబ్ 1916లోనే కొలంబియాలో చెప్పారు. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2009లో మాల, మాదిగ, వైశ్యులతో సహా 25 సమూహాలను పరిశీలించి, చాలా సమూహాలు కొద్దిమందితో మొదలై తరతరాలుగా మూసుకుపోయాయని చూపారు. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఈ ఉపఖండంలో జనం విస్తారంగా కలిశారని 2013 అధ్యయనం తేల్చింది. తలుపులు మూసుకున్నది ఆ తర్వాతే. అనాది అని చెప్పే కులానికి తేదీ ఉందన్నమాట.

అయితే ఇదే డేటాతో కులాన్ని మళ్లీ 'రక్తం'గా మార్చే ప్రమాదమూ ఉంది. అడ్‌మిక్స్చర్ అనే సాఫ్ట్‌వేర్ మనుషులను రంగుల పట్టీలుగా చూపిస్తుంది. ఎన్ని రంగులు ఉండాలో ముందే చెప్పేది పరిశోధకుడు. ఆ పట్టీలు చూసి 'ఆర్య శాతం' లెక్కగట్టేవాళ్లకు ఈ సంగతి పట్టదు. కులం వేర్వేరు జాతుల విభజన అన్న వాదాన్ని బాబాసాహెబ్ తిరస్కరించారని మనం మరవకూడదు.

మనకు అసలు నష్టం ఆస్పత్రిలో జరుగుతుంది. రోగి జీనోమ్‌లో ఒక మార్పు కనిపిస్తే, అది ఎంత అరుదో చూసి జబ్బుకు కారణమా కాదా అని అంచనా వేస్తారు. మన సమూహం డేటాబేస్‌లో లేకపోతే, మనలో మామూలైన మార్పు కూడా అరుదైనదిగా, అనుమానించదగినదిగా కనిపిస్తుంది. వైశ్యులలో కొందరికి ఆపరేషన్ సమయంలో ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు ప్రమాదమని, ఒక ఎంజైము లోపమే అందుకు కారణమని వైద్యులకు తెలుసు. తెలిసింది కాబట్టి జాగ్రత్తపడతారు. రెల్లి కుటుంబం విషయంలో అలాంటి జాగ్రత్త ఏది?

జీనోమ్ ఇండియా 83 సమూహాల నుంచి దాదాపు 10,000 జీనోమ్‌లు చదివింది. 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు తెరిచారు. ఇది ముందడుగే. కానీ 2009 అధ్యయనంలో 25 సమూహాలకు కలిపి ఉన్నది 132 మందే. ఒక్కో కులానికి సగటున ఐదుగురు. చరిత్ర చెప్పడానికి అది సరిపోవచ్చు, వైద్యానికి చాలదు.

కులం రాస్తే ముద్ర పడుతుందనే భయం నిజమే. నేరస్థ తెగల చట్టం చూసిన సమాజం మనది. అందుకే పేరు రాయాలా వద్దా అన్నది ఆ సమూహంతో మాట్లాడి తేల్చాలి. ఫలితం వాళ్ల భాషలో వాళ్లకు తిరిగి చేరాలి. ప్లింక్, బీడబ్ల్యూఏ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. వాటి ముందు కూర్చునే పీహెచ్‌డీ సీటు, ఫెలోషిప్, సర్వర్ మాత్రం అందరికీ దొరకవు. రక్తం ఇచ్చే వరుసలో మనం ఎప్పుడూ ఉన్నాం. ఇకపై ఆ రక్తాన్ని చదివే వరుసలోనూ ఉండాలి.

జై భీమ్.