దీక్షలో మానినవాడు మళ్లీ ఎందుకు తాగాడు?

"అయ్యప్ప దీక్షలో నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. ఆ తర్వాత మాత్రం ఎందుకు మానలేడు? మనసు లేదు, అంతే!" తాగుడుకు బానిసైన మనిషి మీద మన ఇళ్లలో, పెద్దమనుషుల పంచాయితీల్లో వినిపించే తీర్పు ఇది. మానడానికి మాత్రలెందుకు, పట్టుదల చాలదా అన్న వాదనకు పునాది కూడా ఇదే. ఈ తీర్పు తప్పు.

దీక్ష ఏమిస్తుందో చూడండి. తెల్లవారుజామున చన్నీటి స్నానం, చుట్టూ తోటి స్వాములు, "స్వామీ" అని పిలిచే ఊరు. తాగుడును గుర్తుచేసేవన్నీ ఆ రోజుల్లో దూరంగా ఉంటాయి. మాల తీసిన మర్నాడు అదే బెల్టు షాపు, అదే జట్టు, అదే కూలి డబ్బులు ఎదురవుతాయి. ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడు వాటిని చూడగానే గుంజుతుంది. "నరాలు లాగేస్తున్నాయి" అని అతను చెప్పేది సాకు కాదు, జబ్బు లక్షణం.

ఆ గుంజుడును తగ్గించే మాత్రలున్నాయి. తాగినప్పుడు మెదడులో విడుదలయ్యే ఎండార్ఫిన్ల ప్రభావాన్ని నాల్ట్రెక్సోన్ అడ్డుకుంటుంది. తాగినా మునుపటి హుషారు రాదు, ఇంకో గ్లాసు కావాలన్న ఆరాటం తగ్గుతుంది. తాగుడు మానేశాక మెదడులో రేగే అలజడిని అకాంప్రోసేట్ నెమ్మదింపజేస్తుంది. నాల్ట్రెక్సోన్‌ను మద్యపాన చికిత్సకు అమెరికా 1994లోనే అనుమతించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ రెండింటినీ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

"ఒక వ్యసనం పోగొట్టి ఇంకోటి అంటిస్తారు" అనేవాళ్లకు ఒకటే జవాబు: ఈ రెండు మాత్రలూ మత్తునివ్వవు, వీటికి ఎవరూ బానిస కారు.

అందరికీ పనిచేయవన్నది నిజమే. 118 ఔషధ ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష 2023లో జామా వైద్య పత్రికలో వచ్చింది. దాని ప్రకారం నాల్ట్రెక్సోన్ 11 మందికి ఇస్తే, మళ్లీ విపరీతంగా తాగే స్థితికి జారకుండా అదనంగా ఒకరు నిలబడతారు. కౌన్సెలింగ్, ఇంటివాళ్ల తోడు లేకుండా మాత్ర ఒక్కటే చాలదు కూడా. కానీ నిలబడే ఆ ఒక్కరి ఇంట్లో పిల్లలున్నారు. వాళ్లకు ఆ అవకాశం లేకుండా చేసే హక్కు మన అభిప్రాయాలకు లేదు.

వైద్యుడి సాయం లేకుండా మానడం, మాన్పించడం వల్ల జరిగే హాని మాత్రం కళ్లముందే ఉంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క వణుకుతో, మూర్ఛలతో, మతి చలించి ఎంతోమంది హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి చేరారు. ఒక్కసారిగా మాన్పిస్తే ప్రాణం మీదికి రావచ్చు. గతిలేక ఇల్లాలు కూరలో, మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర కలిపితే, తెలియక తాగిన భర్తకు వాంతులై బీపీ పడిపోతుంది. గుంజుడు మాత్రం తగ్గదు.

2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఏదో ఒక చికిత్స అందుతున్నది ఒక్కరికే. మద్యం ఆదాయంతో ఖజానా నింపుకుంటున్న రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఈ మాత్రలను ఉచితంగా ఉంచాలి. ఇంట్లో తాగేవారున్నవాళ్లు ఒట్లు వేయించడం ఆపి 14446కు ఫోన్ చేయండి, మానసిక వైద్యుడికి చూపించండి. కాలేయం, కిడ్నీల పరీక్షలు చేయించి ఏ మాత్ర సరిపోతుందో ఆయనే చెబుతారు.