ఇంటికి తగిన భోజనబల్ల



ఇల్లు కట్టుకున్న తరువాత మన కుటుంబాలవారు కోరుకొనే సామానులో ఇప్పుడు భోజనబల్ల ఒకటి. ఒకనాడు మనమంతా పీటలు వేసుకొని నేలమీద కూర్చున్నవారమే. మోకాళ్ళు వంగని పెద్దలున్న ఇంట బల్ల అవసరమే గాని ఆడంబరం కాదు. అయితే కొట్టులో నచ్చినదాన్ని బండికెక్కించి తేవడం వేరు, మన గదికీ మన మనుషులకూ తగినట్టు వడ్రంగి చేత చేయించుకోవడం వేరు. ఈ రెండవదాన్ని గూర్చే ఈ నెల నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాకు తెలిసిన ఒక రైతు కుటుంబం సంగతి చెబుతాము. వారు భోజనానికి ఉంచుకొన్న గది 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. యజమాని పట్నంలో ఒక బల్ల చూసి వచ్చాడు. 6 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, పైన అద్దం. అచ్చం అలాంటిదే కావాలన్నాడు. వడ్రంగి పెద్దవాడు. టేపు తీయకముందే, "ఇంట్లో తినేవాళ్ళు ఎందరు బాబూ?" అని అడిగాడు. "ఆరుగురం" అన్నాడు యజమాని. తల్లి, తాను, తమ్ముడు, ముగ్గురు పిల్లలు. వంటింటి గుమ్మంలో నిలబడిన భార్య ఆ లెక్కలో లేదు! ఆమె కూడా, "నాదేముంది బాబాయ్, వెనకాల తింటాను" అన్నది. "వెనకాల తినడానికైనా చోటు కావాలి గదమ్మా" అన్నాడాయన.

చాలా ఇళ్ళలో బల్ల కొలత తప్పేది ఇక్కడే. వడ్డించే మనిషిని లెక్కించరు.

తరువాత ఆయన పాత వార్తాపత్రికలు తెప్పించి, యజమాని కోరిన కొలతకు నేలమీద పరిచాడు. చుట్టూ కుర్చీలు వేసి పిల్లలను కూర్చోబెట్టి, అన్నం గిన్నె పట్టుకొని వెనుకనుండి నడవమని ఇల్లాలికి చెప్పాడు. ఆమె నడవలేకపోయింది. బల్ల పోగా ఒక్కొక్క ప్రక్క మిగిలింది రెండుంబావు అడుగులే. కూర్చున్న మనిషికే అడుగున్నర, రెండడుగులు పోతుంది. చదువరులారా, ఖర్చులేని ఈ పరీక్షను బల్ల చేయించే ప్రతివారూ చేసి చూడాలి.

చివరకు కుదిరినది 7 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గల బల్ల. గోడవైపు బల్లక్రిందికి నెట్టగల ఒక పొడవాటి బెంచీ, ఇవతల మూడు కుర్చీలు. మనిషికి అంచున 2 అడుగుల చొప్పున ప్రక్కకు ముగ్గురు. మిగిలిన ఒక అడుగు వంటింటివైపు కొసన వచ్చింది. అక్కడ గిన్నెలు, ఆ కొసనే ఇల్లాలి కుర్చీ. కూర్చొనే అందరికీ అందించగలదు, తానూ వారితోపాటు తినగలదు.

మన ఇళ్ళ గోడలమీద కనబడే ప్రభురాత్రి భోజన చిత్రాన్ని లియొనార్డో డావిన్సీ సుమారు 1495-1498 సంవత్సరాలలో మిలాను పట్టణంలో ఒక మఠపు భోజనశాల గోడమీద చిత్రించాడు. ఆ కాలపు యూదులు విందులో ప్రక్కకు ఆనుకొని భుజించేవారు. చిత్రకారుడు మాత్రం తన దేశపు ఎత్తు బల్లనే గీసి, ముఖాలన్నీ కనబడాలని అందరినీ ఒకే ప్రక్కన కూర్చోబెట్టాడు. మనకు ఆ ఇబ్బంది లేదు!

ఇక ఎత్తు. సాధారణంగా బల్ల 30 అంగుళాలు, కుర్చీ 17 లేక 18 అంగుళాలు ఉంటాయి. చేతితో కలుపుకొని తినే మనకు బల్ల 29 అంగుళాలు చాలునని మా అభిప్రాయం. పలక క్రింద చుట్టూ బిగించే పట్టీ మరీ వెడల్పయితే తొడలు ఇరుకుతాయి. నేలనుండి ఆ పట్టీకి 24 అంగుళాలైనా ఖాళీ ఉండాలి.

టేకు తీసుకొంటే చేవ చూసి తీసుకోండి. అంచునుండే తెల్ల చెక్కకు పురుగు పడుతుంది. సొంత చెట్టు కొట్టించినవారు పలకల మధ్య పుల్లలు పెట్టి, నీడలో గాలి ఆడేటట్టు పేర్చి, బాగా ఆరనివ్వాలి. ఆరిన చెక్కయినా వానకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలకు ముడుచుకొంటుంది. నిలువునా అంత మార్పు ఉండదు. కాబట్టి పైపలకను పట్టీకి బిగించే మరల రంధ్రాలు ఆ అడ్డం దిక్కున కొంచెం పొడవుగా తొలిపించాలి. లేకుంటే పలక పగులుతుంది. ఈ పని బయటికి కనబడదు గనుక దగ్గరుండి చేయించుకోండి.

అద్దం వద్దని వడ్రంగే చెప్పాడు. తుడవడం సులువంటారు గాని, దానిక్రింద చేరిన తడిని ఎవరు తుడుస్తారు?

యజమాని కోరిన పలక 21 చదరపు అడుగులు, చేసినది పదిహేడున్నర. మిగిలిన చెక్కతో, ఆసరా పట్టుకొని లేచేందుకు, వడ్రంగి ఆ ఇంటి మామ్మ కుర్చీకి రెండు చేతులు అమర్చాడు.