నల్ల కోటు లేకుంటె చట్టం చదవొద్దా?

పోయిన నెల తుర్కయంజాల్‌ల చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు వచ్చి పక్కన కూసున్నడు. బీఎస్సీ కెమిస్ట్రీ పాసై రెండేండ్లయింది. పొద్దుగాల సాగర్ రోడ్డు మీద బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ పోతడు, గ్రూప్స్ కోచింగ్. మాపటికి అదే రోడ్డున తిరిగొస్తడు. "అన్నా, పేటెంట్ల చట్టం నేర్చుకోవాలనుంది. మా సార్ను అడిగితే ఎల్‌ఎల్‌బీ లేకుంటె అది నీతోని కాదన్నడు. నిజమేనా?" అన్నడు.

సగం నిజం, సగం అబద్ధం. ముందుగాల అబద్ధం సంగతి చెప్త.

1970 పేటెంట్ల చట్టం 126వ సెక్షన్ తీసి చదువుండ్రి. పేటెంట్ ఏజెంట్ కావాలంటె భారత పౌరుడై ఉండాలె, 21 ఏండ్లు నిండాలె, సైన్సు గానీ ఇంజినీరింగ్ గానీ టెక్నాలజీ గానీ డిగ్రీ ఉండాలె, పరీక్ష పాస్ కావాలె. ఎల్‌ఎల్‌బీ ఉండాలెనన్న షరతు ఎక్కడ లేదు. ఉల్టా, సైన్సు డిగ్రీ లేనోడు ఎంత పెద్ద లా చదివినా ఈ పరీక్ష రాయలేడు. బీఏ, బీకాం చదివినోళ్లు దిగులుపడొద్దు. ట్రేడ్‌మార్క్ ఏజెంట్ పరీక్షకు ఏ డిగ్రీ అయినా నడుస్తది.

సైన్సోళ్లే ఎందుకంటె, పేటెంట్ కాగితంల అసలు పానం క్లెయిమ్స్ అనే భాగంల ఉంటది. మన దిక్కు ప్లాటు హద్దుల పంచాయితీ ఎర్కలేనోడు ఎవడున్నడు? తూర్పుకు రోడ్డు, పడమరకు ఫలానాయన ప్లాటు అని కాగితంల రాస్తరు. ఒక్క గజం తప్పు రాస్తె ఇరవై ఏండ్లు కోర్టు చుట్టు తిరుగుతరు. క్లెయిమ్ సుత అసొంటిదే. ఈ మిషన్ల నాది ఎక్కడిదాక, పక్కోనిది ఎక్కడిసంది అని మాటలతోని గీసే హద్దు. మిషన్ తెల్వనోడు, మందు తెల్వనోడు ఆ హద్దు ఎట్ల గీస్తడు?

చింతకింది మల్లేశం సంగతి అందరికి తెలుసు. ఆలేరు దగ్గర శారాజీపేట, చదివింది ఆరో తరగతి. అమ్మ లక్ష్మి రోజంతా ఆసు పోసుకుంట వేల సార్లు చెయ్యి తిప్పి భుజం నొప్పితోని అల్లాడుతుంటే చూడలేక 1999ల లక్ష్మి ఆసు మిషన్ తయారుచేసిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు, ఆయన మీద సినిమా సుత వచ్చింది. పేటెంట్ కాగితాలకు మాత్రం నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ తోడు రావాల్సి వచ్చింది. మిషన్ చేసే తెలివి ఊర్లె ఉన్నది, కాగితం రాసే తెలివి ఊర్లె లేకపాయె. మనం చదవాల్సిన చదువు గా సందుల ఉన్నది. ఆన్‌లైన్ల పేటెంట్ దరఖాస్తు పెడ్తే మామూలు మనిషికి సర్కారు ఫీజు 1,600 రూపాయలే. ఖర్చంతా రాసేటోనికే అయితది.

ఇది కంపెనీల గొడవ, మనకెందుకు అంటరా? పత్తి పెట్టినోళ్లు అనొద్దు ఆ మాట. బీటీ విత్తనం ప్యాకెట్ ధరల కంపెనీ టెక్నాలజీకి కట్టే రాయల్టీ కలిసే ఉండేది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల దాక పోతే, అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్ దాక పోయి కొట్లాడితే 2006ల 750కి దిగింది. 2016ల కేంద్రం ఆ రాయల్టీని 163 నుంచి 49 రూపాయలకు దించింది, 2020ల సున్నా చేసింది. మొక్కకు, విత్తనానికి పేటెంట్ ఇయ్యొద్దని మన చట్టంల 3(జె) అని ఒక సెక్షన్ ఉన్నది. దాని మీదనే హైదరాబాద్ నూజివీడు సీడ్స్‌కు, మోన్‌శాంటోకు పెద్ద కేసు నడిచింది. 2018ల ఢిల్లీ హైకోర్టు పేటెంట్ చెల్లదన్నది, 2019 జనవరిల సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కకు పెట్టి మళ్ల విచారణ చెయ్యిమన్నది, 2021ల రెండు కంపెనీలు రాజీకొచ్చినయి. అసలు ప్రశ్న తేలకుండనే మిగిలింది. గా రెండక్షరాల సెక్షన్ మీద కోట్ల రూపాయలు ఊగులాడినయి, ఆ సెక్షన్ చదివిన పిలగాడు మన మండలంల ఒక్కడు లేకపాయె.

మందుల ముచ్చట కూడ ఇంతే. 2012 మార్చిల నాట్కో కంపెనీకి మన దేశంల మొదటి కంపల్సరీ లైసెన్స్ ఇచ్చిండ్రు. బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెలకు 2,80,000 రూపాయలు ఉంటే నాట్కో 8,800కు ఇస్తనన్నది. పేటెంట్ హక్కు బేయర్‌దే అయినా, జనానికి అందే ధరకు దొరకకుంటె ఇంకొకరికి తయారీ అనుమతి ఇయ్యొచ్చని చట్టంలనే ఉన్నది. 84వ సెక్షన్.

వకీలు కానోళ్లు ఏం చేయగలరంటె కవిత కురుగంటి పేరు చెప్త. ఒకప్పుడు హైదరాబాద్‌ల సుస్థిర వ్యవసాయ కేంద్రంల పనిచేసిన రైతు కార్యకర్త. 2019ల పెప్సీ కంపెనీ, మా ఆలుగడ్డ రకం పండించిండ్రని గుజరాత్ రైతుల మీద కోటి కోటి రూపాయలకు కేసులేసింది. లొల్లి లేసినంక వాపస్ తీసుకున్నది. ఆమె అక్కడితోని ఆగలే. 2001 వంగడాల చట్టం కింద ఆ రకం రిజిస్ట్రేషనే రద్దు చెయ్యాలని దరఖాస్తు పెట్టింది. 2021 డిసెంబర్ల రద్దయింది. 2024 జనవరిల ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ రద్దును కొట్టేసింది, అది సుత చెప్పాలె. ఒక పెద్ద కంపెనీని ఏండ్లకేండ్లు సెక్షన్ల మీద నిలబెట్టి జవాబు చెప్పించింది నల్ల కోటు లేని మనిషి. రైతు తన పంటల నుంచి విత్తనం దాసుకోవచ్చు, మళ్ల విత్తుకోవచ్చు, పక్కోనికి ఇయ్యొచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టి మాత్రం అమ్మొద్దు అని గదే చట్టం 39వ సెక్షన్ల రాసి ఉన్నది.

ఇగ సార్ చెప్పిన నిజం సగం. పేటెంట్ ఏజెంట్ అయితే పేటెంట్ ఆఫీసు ముందట నిలబడొచ్చు, కోర్టుల వాదించలేవు. దానికి ఎల్‌ఎల్‌బీ కావాలె. ఏ డిగ్రీ ఉన్నా లాసెట్ రాసి మూడేండ్ల కోర్సు చేయొచ్చు, కని ఇంట్ల కూసోని చేసే దూరవిద్య ఎల్‌ఎల్‌బీని బార్ కౌన్సిల్ ఒప్పదు. ఎవడన్న అట్ల ఇప్పిస్తనంటె పైసలియ్యకుండ్రి.

డిప్లొమాలు వేరు. శామీర్‌పేట నల్సార్‌ల పేటెంట్ చట్టం మీద ఏడాది దూరవిద్య డిప్లొమా ఉన్నది, ఇగ్నోల మేధో సంపత్తి హక్కుల డిప్లొమా ఉన్నది. రెండింటికి లా డిగ్రీ అడగరు. అంతకంటె ముందు వైపో అనే ప్రపంచ సంస్థ నడిపే మొదటి కోర్సు పుక్యానికే చేయొచ్చు. నేనైతె గది చేసినంకనే డిప్లొమాకు పైసలు కట్టుమంట. డిప్లొమా కాగితం చూసి ఎవడు నౌకరి ఇయ్యడు. పరీక్షల రెండో పేపర్ అంతా పేటెంట్ వివరం రాసుడే, ఇంటర్వ్యూ సుత ఉంటది. రెండు పేపర్లల్ల యాభై చొప్పున, మొత్తం మీద అరవై శాతం రావాలె.

నాకు కోపమొచ్చేది ఇంకొకటున్నది. సైన్సు తెలిసిన పిలగాడు ఇంగ్లీషు దగ్గర ఓడిపోతున్నడు. నేను చదివింది ఇంటర్. మొదటి చట్టం పుస్తకం డిక్షనరీ పక్కన పెట్టుకోని నాలుగు నెలలు చదివిన. "నాట్‌విత్‌స్టాండింగ్" అనే మాట దగ్గరనే వారం ఆగిన. ఒక వాక్యం తెలుగుల రాసుకోవాలె, మళ్ల ఇంగ్లీషుల చదవాలె. నాకు ఇంకో తొవ్వ దొరకలే. హైదరాబాద్‌ను మందుల రాజధాని అంటరు, కని మన పేటెంట్ ఆఫీసు, ట్రేడ్‌మార్క్ ఆఫీసు, భౌగోళిక గుర్తింపు రిజిస్ట్రీ అన్నీ చెన్నైలనే. దరఖాస్తులు ఆన్‌లైన్ అయినయి, నిజమే. అడిగి తెలుసుకునే ఆఫీసు గడప మాత్రం మనకు లేదు. ఏ నాయకుడు అడిగినట్టు నేను వినలే.

తమ్మునికి ఇవన్నీ చెప్పినంక, "మరి ఇప్పుడు ఏంజెయ్యాలె అన్నా?" అన్నడు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. అయినా కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు మిల్లుల అచ్చేసిన బట్టను ఇక్కత్ అని అమ్ముతుంటే చూస్తనే ఉన్నం. చట్టం ప్రకారం అధీకృత వాడుకదారుగా పేరు ఎక్కించుకున్న నేతన్న తానే కోర్టుకు పోవచ్చు. 2020ల ఆ దరఖాస్తు ఫీజు 500 నుంచి 10 రూపాయలకు తగ్గించిండ్రు. నాకు తెలిసిన నేతన్నకు మగ్గం మీద ముప్పై ఏండ్ల అనుభవం ఉన్నది, ఆ కాగితం మాత్రం లేదు.

ఆదివారం ఇద్దరం పోచంపల్లి పోతున్నం. ఫారం తమ్ముడే ప్రింటు తీసిండు. మూడో పేజీల ఒక మాట అర్థమైతలేదని నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసిండు.