యంత్రశాల ముచ్చట్లు: పాత లారీకి కొత్త అడ్డదూలం

ఇంటికి పునాది ఎట్లాగో లారీకి చాసిస్ అట్లాగే. రంగులు, దీపాలు, క్యాబిన్ అందరి కంటా పడతాయి. వాటన్నిటినీ మోసే రెండు పొడవాటి ఉక్కు పట్టాలను, ఆ పట్టాలను కలిపే అడ్డదూలాలను చూడాలంటే మాత్రం బండి కిందకు దూరవలసిందే. ఈ అడ్డదూలాలనే మెకానిక్కులు క్రాస్ మెంబర్లు అంటారు. గేర్ బాక్సును మోసే క్రాస్ మెంబరును గురించి ఈసారి పాఠక మిత్రులతో ముచ్చటించదలచాము.

మగ్గాల పనికై తెలంగాణ జిల్లాలనుండి సూరత్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అట్టి కుటుంబానికి చెందిన మిత్రుడొకరు తమ తండ్రిగారు నడిపిన లారీని అమ్మక దాచుకున్నారు. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో టెల్కో సంస్థ జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ఆరంభించింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. మిత్రుని లారీ ఆ నడిమి కాలంనాటిది. ముందు జాలీమీద మూడు కోణాల నక్షత్రం నేటికీ ఉన్నది. అసలు గేర్ బాక్సు పాడైనందున తర్వాతి కాలపు లారీనుండి మరొకటి తెచ్చారు. అది పొడవు ఎక్కువ. వెనుక కొసకు ఆధారం కావాలి. వృద్ధురాలైన తల్లిగారిని ఆ క్యాబిన్‌లో కూర్చోబెట్టి ఒక్కసారి తిప్పి తీసుకురావాలన్నది ఆయన కోరిక.

మేము ఒక ఆదివారం షెడ్డుకు వెళ్లేసరికి మిస్త్రీ దళసరి ఇనుప ముక్కలు కోసి వెల్డింగుకు సిద్ధంగా ఉన్నాడు. "ఎంత ఇనుము వేస్తే అంత బలం కదా సాబ్!" అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉన్నది. కాని చాసిస్ విషయంలో అది పూర్తి సత్యం కాదు.

లారీ పట్టాకు నిలువు రేకు, దానికి పైనా కిందా మడిచిన అంచులు ఉంటాయి. బరువు పడి పట్టా వంగబోయినప్పుడు ఒత్తిడి అధికంగా ఆ రెండు అంచులమీదనే పడుతుంది. నిలువు రేకు నడిమి భాగంలో అది స్వల్పం. కనుక రంధ్రాలు చేయవలసివస్తే నిలువు రేకులోనే చేయాలి. అంచులకు డ్రిల్లు తగలరాదు, వెల్డింగు మంట సోకరాదు. అంతేకాదు, గతుకుల దారిలో చాసిస్ కొంత మెలి తిరిగేటట్లే నిర్మితమైనది. ఒక్కచోట అతిగా బిగిస్తే ఆ మెలి అంతా బిగింపు ఆగిన చోటికి చేరుతుంది. పగులు అక్కడ పుడుతుంది.

ముందుగా కొలతలు తీశాము. రెండు పట్టాలపై ఎదురెదురుగా నాలుగు గుర్తులు పెట్టి, దారానికి కట్టిన గుండుతో వాటిని నేలమీదకు దించి, మూలనుండి మూలకు కొలిచాము. రెండు కొలతలు సమానంగా రావాలి, 11 మి.మీ. తేడా వచ్చింది. కారణం కనిపెట్టినవాడు మిస్త్రీయే. సుత్తితో ఒక్కొక్క రివెట్టునూ తట్టుతూ పోయి, ఒక పాత క్రాస్ మెంబరు వద్ద ఆగాడు. ధ్వని మారింది. రెండు రేకుల నడుమ తుప్పు ఉబ్బి రివెట్లను వదులు చేసింది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నీటితో తాపీ నది పొంగి నగరంలో అధికభాగం మునిగినప్పుడు ఈ లారీ కూడా నీటిలో నిలిచింది. నాటి ఒండ్రు పట్టాల మడతలలో ఇంకా ఉన్నది. సముద్రపు ఉప్పుగాలి మిగిలిన పని చేసింది.

తుప్పు గీకి, చాసిస్‌ను చదరానికి తెచ్చి, వదులైన రివెట్ల స్థానంలో రంధ్రానికి సరిగ్గా పట్టే హైటెన్సైల్ బోల్టులు బిగించిన పిదపనే కొత్త దూలం ప్రస్తావన వచ్చింది. గేర్ బాక్సు కింద చెక్కపలక పెట్టి జాకీతో మోయించి, ముందు దాని వాలును సరిచేశాము. ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు కొసలా ఉండే జాయింట్ల కోణాలు సమానం కాకపోతే, షాఫ్టు తిరిగే ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి తగ్గుతుంది. వణుకు పుట్టి, కాలక్రమాన జాయింట్లు అరిగిపోతాయి. కనుక గేర్ బాక్సును దూలం వద్దకు లాగరాదు. గేర్ బాక్సు నిలిచిన చోటికి దూలాన్ని కొలిచి చేయించాలి. నడుమ రబ్బరు మౌంటింగు తప్పనిసరి. అది లేకుంటే చాసిస్ మెలి తిరిగినప్పుడల్లా ఆ బలం గేర్ బాక్సు గుల్లమీద పడుతుంది. మౌంటింగు బోల్టులను పూర్తి బరువు దిగిన తర్వాతనే చివరి బిగింపు బిగించాలి. క్లచ్ పనికి అవసరమైనప్పుడు విప్పుకొనే వీలుగా దూలాన్ని వెల్డింగు చేయక బోల్టులతోనే అమర్చాము.

మిస్త్రీ కోసిన దళసరి ముక్కలు వృథా కాలేదు. వాటినుండి దూలం రెండు కొసలకు త్రికోణపు ఆనింపు రేకులు తయారయ్యాయి. వాటి చివరలను నిటారుగా తెగ్గొట్టక ఏటవాలుగా కోయించాము. ఒత్తిడి ఒక్కచోట పోగుపడకుండుటకు అది ఉపాయం.

ఇట్టి పని చేయించదలచిన వారికి రెండు మాటలు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా మార్పులు చేయడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తున్నది. కనుక మార్పుకు ముందే రవాణా కార్యాలయంలో విచారించాలి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందకు దూరరాదు. చక్రాలకు అడ్డుకట్టలు, చాసిస్ కింద స్టాండ్లు ఉండి తీరాలి. కింద పడుకున్న మనిషి కోసం కూడా ఇంటివద్ద ఎదురుచూసేవారు ఉంటారు.

షెడ్డు ఆవరణలో లారీ రెండు చుట్లు తిరిగినప్పుడు ఆ తల్లి క్యాబిన్‌లో ఉన్నారు. ఆమె దిగివచ్చి బండిని మెచ్చుకోలేదు. "దీని కింద పన్నది ఎవరు బిడ్డా?" అని అడిగి, మిస్త్రీ చేతికి మంచినీళ్ల గ్లాసు అందించారు.