వేలమునకెక్కిన సీసా

పండ్రెండు సీసాల ద్రాక్షమద్యము 24,000 డాలర్లు పలికినది! ఇది 1981లో కాలిఫోర్నియా యందలి నాపా లోయలో జరిగిన ప్రథమ ధర్మార్థ మద్యవేలపు ముచ్చట. స్థానిక మద్యకారుడు రాబర్ట్ మొండావియు, ఫ్రాన్సు దేశమున బోర్డో సీమలోని మూటన్ తోటల కధిపతియగు ఫిలిప్ డి రోత్‌షీల్డ్ ప్రభువును కలసి చేయించిన యెఱ్ఱమద్యమది. కాబర్నె సావిన్యాన్ ద్రాక్ష ప్రధానముగా, ఇతర జాతుల రసములు చేర్చి, బోర్డో రీతిని కూర్చినది. వింత యేమనగా, ఆనాటి కది యంగడికే రాలేదు. ‘ఓపస్ వన్’ అను పేరిట జనులకు దొరకినది 1984లో. సీసా కొక్కింటికి 2,000 డాలర్లిచ్చిన వాడు కొన్నది రుచిని గాదు. ఇద్దరు ఘనుల పేళ్లను!

2000లో నాపా వేలముననే ‘స్క్రీమింగ్ ఈగిల్’ అను చిన్న మద్యశాలవారి 6 లీటర్ల సీసా యొక్కటి 5 లక్షల డాలర్లు పలికెను. చిన్న శాల, కొద్ది సరకు, పెద్ద ధర: ఇదియే కిటుకు. దొరకనిదానిపై ఆశ పుట్టును, ఆశ పాటయగును, ఆ పాటయే మఱునాడు మిగిలిన సీసాలకు బిరుదగును.

వేలపు సొమ్ము వైద్యసహాయమునకు పోయినది గదా, తప్పేమి యని ప్రతివాది యడుగవచ్చును. వినదగిన ప్రశ్నయే. ఆ ధనముచే రోగులకు మేలు కలిగినదనుట కాదనము. మేము ప్రశ్నించునది దానమును గాదు; దానము చాటున మద్యము సంపాదించిన మర్యాదను. ఆసుపత్రికి సూటిగ నీయదగిన ధనమును సీసా మీదుగ నిచ్చుట యెందుకు? సీసా లేకున్న చప్పట్లుండవు గనుక! రోగికి దక్కినది ధనము; మద్యమునకు దక్కినది పుణ్యము. ధనము వ్యయమగును. పుణ్యము ప్రకటనయై నిలుచును.

ఈ సాకు మనకు క్రొత్తది కాదు. మన నాట సర్కారువారే సారాపాటలు పెట్టిరి. అచట పాడినది సీసాను; ఇచట పాడినది ఊరివారికి సారా పోయు హక్కును. అచట ఆసుపత్రి పేరు చెప్పిరి. ఇచట ఖజానా పేరు చెప్పిరి. ఈ వాదమును ఖండించిన వారు పట్టభద్రులు గారు, మావంటి న్యాయవాదులును గారు. దూబగుంటలో రాజుకొని నెల్లూరు జిల్లాయంతట వ్యాపించిన స్త్రీల యుద్యమము 1992లో ఆ పాటలను సాగనీయలేదు. మగని కూలి యెచటికి పోయినదో, బిడ్డల కంచమున నేమి లేదో యెఱిగినవారికి రాబడి లెక్కలు చెప్పి లాభమేమి? 1993 అక్టోబరు 1 నుండి సారాయు, 1995 జనవరి 16 నుండి సమస్త మద్యమును నిషేధింపబడెను. 1997లో నిషేధము సడలెను. ఖజానా మరల గెలిచెను. నేడు పాటకు మారుగ చీట్లు తీసి దుకాణములు పంచుచున్నారు. సాకు మాత్రము పాతదే.

ధనికుని గాజుపాత్రకును కూలివాని సారా ప్యాకెట్టునకును పోలిక యేమని నవ్వువారుందురు. త్రాగువారి స్థితిగతులలో భేదము కలదు. అమ్మువారి సమర్థనలో లేదు.

పట్టణవాసులగు విద్యావంతులారా! విందులలో సీసా వెల చెప్పుకొని మురియుట నాగరికత యని భ్రమింపకుడు. వేలపు సుత్తి దెబ్బకు మద్యము తీర్థము గాదు. ఆసుపత్రికి చందా కావలెనా? సూటిగ నడుగుడు, సూటిగ నిండు. నడుమ సీసా యేల?