మా టోపీ మీ షార్ట్‌కట్ కాదు

మొన్న ఆదివారం తిరుమలగిరిలో బస్సెక్కి, జనగామలో దిగి, ఇంకో బస్సు పట్టుకొని హైదరాబాద్ పోయిన. ఒక ఫెస్టివల్‌ల ఆ సాయంత్రం ఇండిపెండెంట్ షార్ట్ ఫిల్ములు వేస్తున్నరని తెలిసింది. కటౌట్లు లేని సినిమా, ఎవరి దయా అక్కర్లేని ఆజాద్ సినిమా! మా ఇంటి మాట ఒక్కటన్నా వినపడుతదని దిల్ నిండా ఉమ్మీద్ పెట్టుకొని కూసున్న.

ఏడు ఫిల్ములు వేసిన్రు. మూడింట్ల మావోళ్లున్నరు. ఒకదాంట్ల అత్తరు అమ్మే మంచి ముసలాయన. హీరోకు రెండు నీతులు చెప్పి చచ్చిపోయిండు. ఇంకోదాంట్ల బుర్ఖా పిల్ల. పేరు లేదు, కిటికీ కాడ నిలబడి ఏడుస్తది, బుర్ఖా తీసెయ్యంగనే కథ ఖతం. మూడోదాంట్ల గడ్డం పోరడు. వెనక అజా వినపడంగనే భయపెట్టే మ్యూజిక్ షురూ. అసర్ అజా వినపడితే మా అమ్మీ పొయ్యి మీద చాయ్ పెడ్తది. మా ఇంట్ల చాయ్ టైమును వీళ్లు బాంబు టైము చేసిన్రు.

ఆఖర్ల సవాల్-జవాబ్ పెట్టిన్రు. లేచి అడిగిన: ‘భాయ్, ఈ కిరదార్లు మీకు ఎక్కడ దొరికిన్రు?’ ఒక డైరెక్టర్ తమ్ముడు చాలా అదబ్‌తోనే జవాబిచ్చిండు: ‘సార్, పది నిమిషాల సినిమా. జనానికి వెంటనే అర్థం గావాలె. టోపీ చూపిస్తే చాలు, అర్థమైపోతది.’

ఏం అర్థమైపోతది తమ్ముడూ? అదే పది నిమిషాలల్ల నీ హీరోకు అమ్మ ఉంది, అప్పుంది, విరిగిపోయిన ఇష్కుంది, చెప్పులు తెగితే కుట్టించుకునే తీరిక ఉంది. అందరికీ మనిషయ్యేంత టైముంది, మాకే లేదు. ముఖ్తసర్ అన్న బహానా ఒక్క మా కాడనే యాదికొస్తది. మా ఇంట్ల కూడ గ్యాస్ బండ అయిపోతది, ఫైనాన్సోడు బండి గుంజుకపోతడు, పెండ్లి కాడ బగారలో ఉప్పెక్కువై లొల్లయితది. అది జిందగీ కాదా?

కోట్లు పెట్టే పెద్ద సినిమాకు గల్లాపెట్టె భయం. మీకేం భయం? చేతిల ఫోను, నలుగురు దోస్తులు, రెండు రోజులు. అసలు బీమారీ ఏందో నాకు తెలుసు. షార్ట్ ఫిల్మును నిచ్చెన అనుకుంటున్నరు. షార్ట్ ఫిల్ములు తీసిన తరుణ్ భాస్కర్ 2016ల ‘పెళ్లి చూపులు’తోని పెద్ద తెరకెక్కిండు. ముబారక్! కాని ఎక్కాలన్న ఆత్రంల పైనోళ్ల కండ్లద్దాలే ముందుగాల తగిలించుకుంటే, ఇండిపెండెంట్ అన్న మాటకు మతలబ్ ఏముంది? నాకు బాగ నచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లనే చూడున్రి. దిల్‌తోని తీసిన సినిమా. అయినా అందుల సలీమా ఒళ్లమ్ముకునే ఆడది, ఆఖరికి చచ్చిపోతది. మంచోళ్ల కలం కూడ మా కాడికి వచ్చేసరికి అటే ఒరుగుతది.

సినిమా చూపెట్టుడు చిన్న ముచ్చట కాదు. ముజఫర్‌నగర్ దంగాల మీద నకుల్ సింగ్ సాహ్నీ తీసిన డాక్యుమెంటరీని 2015ల ఢిల్లీల అడ్డుకుంటే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల రోహిత్ వేముల దోస్తులు నిరసన చేసిన్రు. ఆ గొడవ సస్పెన్షన్ల దాకా పోయింది. 2016 జనవరి 17న రోహిత్ మనకు లేకుండ పోయిండు. మా తస్వీర్ కోసం ఒక దళిత బిడ్డ అంత దూరం నిలబడ్డడు. మీరు స్క్రిప్టుల ఒక్క పేజీ దూరం నడవలేరా?

కథలు లేవంటరా? తిరుమలగిరి నుంచి జనగామ పోయే తొవ్వలనే కామారెడ్డిగూడెం ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ అండ చూసుకున్న సొంతోళ్ల మీద భూమి కోసం కోర్టుకెక్కి గెలిచిన గరీబు ముసల్మాన్ షేక్ బందగీ ఊరది. గెలిచినందుకు కాపుకాసి చంపిన్రు. ఆ కథల నుంచే సుంకర, వాసిరెడ్డి ‘మా భూమి’ నాటకం రాసిన్రు. ఆ తొవ్వలనే బస్సుల పోయి, అత్తరు తాతను చూసి, మళ్ల ఆ తొవ్వలనే రాత్రి వాపస్ వచ్చిన.

మనోళ్లను కూడ అడగాలె. సినిమా హరాం అని తఖ్రీర్లు చేసే పెద్దమనుషులే రాత్రంత ఫోన్ల రీల్స్ చూస్తరు. కెమెరా పట్టుకుంటనన్న బిడ్డకు మాత్రం ‘ఇజ్జత్’ అని దర్వాజా వేస్తరు. పర్దా అంటే మనకు ముసుగూ అదే, తెరా అదే. ఒక పర్దా వెనక మన ఆడబిడ్డలను దాచి, ఇంకో పర్దా మీద వాళ్లు కనపడ్తలేరని ఏడ్చుడు ఎట్ల కుదుర్తది?

ఫెస్టివల్ పెట్టేటోళ్లకు ఒక్కటే మాట. 2016 నుంచి రవీంద్రభారతిల ‘సినివారం’ పేరుతోని కొత్తోళ్ల సినిమాలు వేసిన్రు, ఎంతోమందికి తొవ్వ దొరికింది. అసుంటిది జిల్లాలకు తెండ్రి. మా మార్కెట్ యార్డుల వడ్ల రాశుల నడుమ ఒక తెల్ల చద్దరు కట్టున్రి. హమాలీలు, బీడీలు చేసే ఆపాలు, మదర్సా పోరగాండ్లు ముందట కూసుంటరు. అత్తరు తాతను అక్కడ వేసి చూపెట్టున్రి. నవ్వుతరో, లేచిపోతరో, ‘ఈయన మా ఊర్ల లేడు’ అంటరో మీ చెవులతోనే వినున్రి.

చాయ్ మేమే పోస్తం. అసర్ అజా కాంగనే.